దుప్పటి రెండో కొస

మార్చి 2

ఈ మాటలు ఎవరికోసమూ కాదు. నాకు చదువు లేదు. కోడలు ఈ ఫోనులో ఒక బొమ్మ చూపించి, దీన్ని నొక్కి మాట్లాడితే మాటలన్నీ అక్షరాలైపోతాయి అత్తయ్యా అంది, తనకు కబుర్లు పంపుకోవడానికని. నేను పంపను. ఇక్కడే దాచుకుంటాను. రేపు ఎవరైనా నన్ను నిలదీస్తే నా పక్షాన ఒక మాట ఉండాలి. అందుకు.

చిన్నది పడింది. చిన్నదంటే నా తోడికోడలు. కాపురానికి వచ్చిన రోజున అందరూ అలా పిలిచారు, పళ్ళూడినా ఆ పేరు ఊడలేదు. మా మగవాళ్ళిద్దరూ పోయాక నా కొడుకింట్లోనే ఉంటున్నాం. దానికి పిల్లల్లేరు. నా కొడుకును తన కొడుకనుకుంటుంది, నా కోడల్ని తన కోడలనుకుంటుంది. నన్నెప్పుడూ అడగలేదు.

ఎలా పడిందో చెబుతాను. బట్టల మిషను ఉతుకుతోంది గానీ పిండడం మానేసింది. బాగుచేసేవాడు రేపు మాపు అంటున్నాడు. వెనక వసారాలో కుళాయి దగ్గర ఇద్దరం చెరో కొస పట్టుకుని దుప్పటి పిండుతున్నాం. వయసులో లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇల్లు గడిపినవాళ్ళం, మాకొకరు నేర్పక్కర్లేదు. నువ్వటు నేనిటు మెలిపెట్టి, ఇద్దరం వెనక్కి వాలి లాగాలి. ఆ కాసేపూ నా బరువు దాని చేతుల్లో, దాని బరువు నా చేతుల్లో ఉంటుంది. నీళ్ళు దిగాక ‘చాలు’ అనాలి. అవతలి మనిషి ‘ఊఁ’ అనాలి. అప్పుడే కొస వదలాలి. పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది ఇదే.

నేను చాలు అన్నాను. దానికి చెవుడు. వసారాలో నీళ్ళు గదిలోకి పారకుండా కట్టిన సిమెంటు గట్టుంది. తుంటి వెళ్ళి దాని మీద పడింది.

జరిగింది ఇంతే.

మార్చి 3

కోడలు పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాం. సూది వేశాక చిన్నది మూలగడం మానేసి నిద్రపోయింది. నర్సు పలకలాంటిది ఒకటి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఎక్కడ పడింది, ఇంట్లోనా బయటా, ఇంట్లో అయితే ఏ చోట, ఆ సమయానికి ఏం చేస్తోంది, ఎలా పడింది. నువ్వు నర్సువా పోలీసువా అని అడిగాను. ఆ పిల్ల నవ్వింది. “ఇవన్నీ మీ కోడలుగారి సెక్షన్ వాళ్ళు కొత్తగా పెట్టిన ప్రశ్నలే పెద్దమ్మా. మమ్మల్నంటారేం?” అంది.

ఒళ్ళు తూలి పడింది అన్నాను.

నడుస్తూ తూలిందా, నిలబడి తూలిందా అంటే నిలబడి అన్నాను. ఇంతకు ముందు కూడా ఇలా పడిందా అంటే ఆఁ అన్నాను. అబద్ధమేం కాదు. మొన్న మెట్ల దగ్గర నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుంది, నా కళ్ళతో చూశాను. ఈ వయసులో ఎవరు తూలరు?

దుప్పటి సంగతి చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఏం చేస్తోందని అడిగింది గానీ, ఎవరితో చేస్తోందని అడగలేదు.

మార్చి 4

ఆపరేషను అయింది. నన్ను చూసి కళ్ళు మూసుకుంది. మత్తు ఇంకా దిగలేదనుకుంటాను.

మార్చి 7

చిన్నదాని మణికట్టుకు ఎర్ర పట్టీ కట్టారు. ఆ పట్టీ ఉంటే పడే మనిషి అని అర్థమట. మంచానికి రెండు వైపులా కమ్మీలు లేపి ఉంచారు, పసిపిల్ల ఉయ్యాలలా.

పక్క మంచం ఆవిడకు కూడా తుంటి ఆపరేషనే. మనిషి బియ్యం బస్తాలా ఉంటుంది. ఆమెను మర్నాడే లేపి నిలబెట్టారు, ఇప్పుడు నడక బండి పట్టుకుని వార్డు చివరిదాకా వెళ్ళి అందరినీ పలకరించి వస్తోంది. చిన్నది పూచికపుల్ల. దాన్ని మాత్రం లేపడం లేదు. తూలు ఎందుకొస్తోందో తేలందే నిలబెట్టకూడదని ఎముకల డాక్టరు చెప్పాడట. చెవి పరీక్ష చేశారు, తలకాయ ఫొటో తీశారు. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఇంకా వెతుకుతున్నారు. తూలుకు మాత్రలిస్తున్నారు. ఆ మాత్రలకు పట్టపగలే మగతగా పడి ఉంటోంది. ఇవాళ దాన్ని కూర్చోబెడితే నిజంగానే పక్కకు ఒరిగింది.

చూశారా, నేను చెప్పలేదా అనుకున్నాను. అనుకుని, దాన్ని పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టాను.

మార్చి 8

చిన్నది పడిన రోజు మాటామాటా ఎందుకు పెరిగిందో చెప్పకపోతే నా పక్షం నిలబడదు. దానికి కోడలి ఉద్యోగం గురించి చెప్పాలి.

డాక్టర్లు రాసిన జబ్బుకు ఈమె అంకె వేస్తుంది. ప్రపంచమంతటికీ జబ్బుల పుస్తకం ఒకటే ఉందట. ఏ దేశంలో ఎవరికి ఏమొచ్చినా అందులో దానికో అంకె. కానీ ఒక దేశంలో ఉన్న బాధ ఇంకో దేశంలో ఉండదు, ఉన్నా ఆ పేరుతో ఉండదు. అందుకని ప్రతి దేశమూ ఆ పుస్తకాన్ని తనకు సరిపోయేలా సర్దుకుంటుందట. అసలు అంకెను మాత్రం ముట్టుకోకూడదు. దాని వెనక ఇంకో అంకె చేర్చుకోవచ్చు. ఇప్పుడు మనవాళ్ళు ఆ సర్దుడు పనిలో ఉన్నారు. కోడలు ఆ బృందంలో ఒకతి. నర్సు అడిగిన ప్రశ్నలు అందులోవే, ముందుగా ఈ ఆసుపత్రిలో వాడి చూస్తున్నారట.

ఆమె ఇది చెబుతుంటే నాకు దుప్పటి అంచుల గుర్తులు కళ్ళ ముందు కదిలాయి. లాడ్జీవాడి గుర్తు చెరగని సిరాతో ఉండేది, దాని జోలికి వెళ్ళేవాళ్ళం కాదు. దాని పక్కన మాకు తెలిసేలా మా చుక్కలు పెట్టుకునేవాళ్ళం. ఇది మరకది, ఇది చిరుగుది, ఇది విడిగా ఉడకెయ్యాల్సింది. అదే అత్తయ్యా, సరిగ్గా అదే అని కోడలు సంబరపడింది. నాక్కూడా కాస్త గర్వమేసింది. ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు.

పుస్తకం చివర మాటల పట్టిక ఉంటుందట. జనం వాడే మాట అందులో వెతికితే అంకె దొరకాలి. అందుకని కోడలు మా ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగింది. గుండెలో ఇలా ఉంటే ఏమంటారు, కాళ్ళలో అలా ఉంటే ఏమంటారు. చిన్నది పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నేనూ చెప్పాను. నాకొచ్చిన ప్రతి జబ్బునూ తిట్టుకుంటూనే బతికాను, ఆ తిట్లే నాకు వాటి పేర్లు. కోడలు నవ్వాపుకోలేక పెన్ను కింద పెట్టేసింది.

చిన్నది చెప్పిన ‘ఒళ్ళు తూలడం’ పట్టికలోకి వెళ్ళింది. బృందంలో మిగతావాళ్ళు కూడా ఒప్పుకున్నారట. నావి ఒక్కటీ వెళ్ళలేదు.

దుప్పటి పిండుతూ అదే ఎత్తింది. “నా మాట దేశం పుస్తకంలోకెక్కింది అక్కా. నీ మాటలెక్కాలంటే తిట్ల పుస్తకం వేరే వెయ్యాలి” అంది. హాస్యానికే అంది. అది ఎప్పుడూ హాస్యానికే అంటుంది. మా మామగారు దాని హాస్యానికి నవ్వేవారు. లాడ్జీ గుమాస్తా నవ్వేవాడు. నా మొగుడూ నవ్వేవాడు. ఇప్పుడు నా కోడలు నవ్వుతోంది.

నేను చాలు అన్నాను. మెల్లగా అన్నానేమో.

మార్చి 9

చెవుడు అన్నాను కదా. కుడి చెవికి, అదీ కొంచెం. ఎదురుగా నిలబడిన మనిషికి ఏ చెవైతేనేం.

మార్చి 13

కోడలు ఇవాళ తొందరగా వచ్చింది. భుజాన సంచీ తియ్యకుండానే కుర్చీలో కూర్చుంది. నా కొడుకు అప్పటికే గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. వాళ్ళిద్దరికీ ముందే తెలుసు, నాకే చెప్పాలి.

చిన్నదాన్ని ఇంటికి పంపరట. మాది మేడ మీద ఇల్లు, లిఫ్టు లేదు, పగలంతా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. మాటిమాటికీ తూలి పడే మనిషిని అలాంటి ఇంటికి పంపకూడదని ఆసుపత్రివాళ్ళు అన్నారట. ఊరి చివర ముసలివాళ్ళను చూసుకునే హోము ఉంది, అక్కడ మంచం ఖాళీ అవగానే పంపుతారు. నెలాఖరుకు అవ్వొచ్చు. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ నడుస్తారా అని అడిగాను. అది నడిపించే చోటు కాదత్తయ్యా, చూసుకునే చోటు అంది.

“ఆ తూలు అన్న మాట తీసెయ్యకూడదా అమ్మా? నీ చేతిలో పనే కదా” అన్నాను.

“నా చేతిలో లేదత్తయ్యా. ఇంటి మనిషి కేసు చూడకూడదని మొదటి రోజే నేను పక్కకు జరిగాను. ఎవరు చూసినా డాక్టరు రాసినదానికే అంకె వేస్తాం. ఊహించకూడదు, దిద్దకూడదు. అనుమానముంటే తిరిగి డాక్టర్ని అడగాలి. ఇందులో అనుమానమే రాలేదు.”

ఎందుకు రాలేదన్నాను. కోడలు అప్పుడు సంచీ దించింది.

పాత పుస్తకంలో ఒళ్ళు తూలడం అన్న మాట లేదట. అదే పుస్తకమైతే వీళ్ళ సెక్షన్ వాళ్ళు అక్కడ ఆగిపోయేవాళ్ళు. ఇదేం తూలడం, నీరసమా, చెవిలో తేడానా, ఉత్తినే కాలు జారిందా అని డాక్టర్ని అడిగేవాళ్ళు. డాక్టరు వచ్చి చిన్నదాన్ని అడిగేవాడు. ఇప్పుడు మాట పట్టికలో ఉంది కాబట్టి వెతగ్గానే దొరికింది, టక్కున అంకె పడింది. ఆ అంకెను చూసే పట్టీ కట్టారు, మాత్రలిచ్చారు, హోముకు రాశారు.

“ఆ మాట ఎక్కించింది నేనే అత్తయ్యా. చిన్నత్తయ్య నోటి మాట తెచ్చి చిన్నత్తయ్య మెడకే తగిలించాను” అని ఏడ్చింది.

నేను కోడలి వీపు నిమిరాను. ఏ చెయ్యి కొస వదిలిందో ఆ చెయ్యే నిమిరింది.

మార్చి 14

చాలు అన్నాను అని రోజూ చెబుతున్నాను. నోట్లో అనుకున్నాను. పైకొచ్చిందో లేదో.

మార్చి 17

చిన్నదానికి తల దువ్వుతున్నాను. మగతలో ఉందనుకున్నాను.

“అక్కా, నాకెప్పటినుంచి ఒళ్ళు తూలుతోంది?” అంది.

దువ్వెన ఆగింది. మళ్ళీ నడిపించాను.

“నర్సునడిగాను. మీ అక్కగారే చెప్పారంది.”

“మొన్న మెట్ల దగ్గర గోడ పట్టుకోలేదా నువ్వు?”

“చెప్పులో రాయి పడింది. పట్టుకున్నాను. రాయి తీసి పారేసింది నువ్వే.”

అవును. నేనే తీశాను. చిన్న గులకరాయి. తీసి, కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టాను కూడా.

“నువ్వు చాలు అనలేదు” అంది. కోపంగా అనలేదు. కుళాయి కట్టలేదు అన్నట్టు అంది.

“అన్నాను. నీకు చెవి…”

“పక్కావిడ గురకకు నాకు నాలుగు రోజులుగా నిద్ర లేదక్కా. నాకు చెవుడేంటి?”

పక్కావిడ ఇటు తిరిగి నాకు గురకేంటమ్మా అంది. చిన్నది ఆమెకు నవ్వుతూ ఏదో సమాధానం చెప్పింది. ఆ స్థితిలో కూడా. తర్వాత గొంతు తగ్గించి నాతో చెప్పింది. అది అన్నది అన్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను, ఒక్క మాట కలపను, ఒక్క మాట తియ్యను.

“కోపమొచ్చింది, వదిలావు. సరే. నేను నోరు పారేసుకున్నాను, నువ్వు కొస పారేశావు. అది నేను మింగేస్తాను. కానీ పడేసింది ఒక్కసారి. తూలేదాన్ని చేసింది రోజూ. పొద్దున్న లేస్తానంటే వద్దు, తూలేదానివి. ఒంటేలుకి వెళతానంటే వద్దు, తూలేదానివి. నిజం చెబుదామని నోరు తెరిచాను. దుప్పటి పిండుతుంటే పడ్డాను, నాకు తూలడాలేం లేవన్నాను. తూలే మనిషికి ఏం గుర్తుంటుందిలే పాపం అని దుప్పటి కప్పి వెళ్ళారు.”

“నా పేరు చెప్పావా?”

“నీ పేరు నేనెందుకు చెబుతాను? అది నువ్వు చెప్పుకోవాల్సింది.”

కమ్మీ మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. జడ సగంలో ఉంది. పూర్తి చేసి వచ్చాను. ఎర్ర పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయి ఉంది.

మార్చి 18

ఆసుపత్రికి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పి.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

మార్చి 19

ఇవాళ చెప్పాను.

ఎముకల డాక్టరు పొద్దున్న వార్డులోకి వచ్చేటప్పుడు వెనక నలుగురు పిల్ల డాక్టర్లుంటారు, ఆగడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. హోములో మంచం గురించి అడగడానికి అనుకున్నాడు. ఆఫీసులో కనుక్కోండమ్మా అని పక్కనుంచి వెళ్ళబోయాడు. నేను నా చేతికర్ర అడ్డం పెట్టాను. నేను చెప్పేది రాసుకునేదాకా నీకు దారి లేదు నాయనా, ముసలిది వాగుతోందనుకుని పోదామనుకుంటే నా మీంచి దాటి పో అన్నాను. పిల్ల డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నవ్వాడు. నేను చూసిన చూపుకు మానేశాడు.

చిన్నదాని మంచం దగ్గరికే తీసుకెళ్ళి, దాని ఎదురుగానే చెప్పాను. దీనికి ఒళ్ళు తూలడం లేదు, ఎప్పుడూ లేదు. దుప్పటికి చెరో కొస పట్టుకున్నాం. నేను చెప్పకుండా వదిలాను. ఇది పడింది. తూలిందని నేను కల్పించాను.

డాక్టరు మంచం మీద కూర్చున్నాడు. అతను కూర్చోవడం ఇన్ని రోజుల్లో నేను చూడలేదు. ముందే చెప్పాల్సింది పెద్దమ్మా అన్నాడు. చెప్పాల్సిందే అన్నాను. ఆ మాత్రలు ఉత్తపుణ్యానికి మింగించామన్నాడు. అవునన్నాను. నన్ను తిడతాడని ఎదురు చూశాను. తిట్టలేదు. తిడితే నాకు తిరగబడడం తెలుసు. అతను నెమ్మదిగా మాట్లాడేసరికి నాకు ఎటు చూడాలో తెలియలేదు.

“కొత్త పద్ధతిలో ఇంకొకటి కూడా రాయాలి” అన్నాడు. “దానంతటదే జరిగిందా, ఎవరైనా కావాలని చేశారా, తేల్చలేమా. మూడు గడులు. కావాలని అని రాస్తే నేను పోలీసులకు కబురు పెట్టాలి. తెలిసి వదిలారా పెద్దమ్మా, చెయ్యి జారిందా?”

“కోపంలో వదిలాను. వెనక గట్టుందని చూసుకోలేదు” అన్నాను.

అతను చిన్నదాని వైపు చూశాడు. చిన్నది నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. “మా అక్క చెప్పిందే రాయండి” అంది.

రాశాడు. మొదటి గడి, దానంతటదే జరిగిందని.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఎవరో పిలిపించినట్టున్నారు. ఎక్కడినుంచి విందో తెలియదు. మొహం చూస్తే మొదటినుంచీ విన్నట్టే ఉంది.

మార్చి 20

భోజనం పెట్టింది. నీళ్ళు పెట్టింది. మందు గుర్తు చేసింది. అత్తయ్యా అనలేదు.

కొడుకు కూడా మాట్లాడలేదు గానీ, వాడు ఎప్పుడూ అంతే.

మార్చి 24

ఎర్ర పట్టీ కత్తిరించేశారు. మాత్రలు ఆపేశాక చిన్నదాని కళ్ళు మళ్ళీ దాని కళ్ళయ్యాయి. నడక బండి పట్టుకుని మంచం నుంచి కిటికీదాకా వెళ్ళింది. పడుకుని పడుకుని కాళ్ళు సన్నబడిపోయాయి. మర్నాడే లేపి ఉంటే ఈపాటికి వార్డంతా తిరిగేదని నడిపించే అమ్మాయి అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు. నేను కిటికీ బయటికి చూశాను.

హోము వద్దన్నారు. ఇంటికే పంపుతారు.

మార్చి 27

కోడలు మాట్లాడింది. ఇంటి గొంతుతో కాదు, ఆఫీసు గొంతుతో. మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను అని మొదలుపెట్టింది.

కొత్త పుస్తకాన్ని పరీక్షించడానికి ప్రతి కేసునూ ఇద్దరు విడివిడిగా చూసి అంకెలు వేస్తారట. డాక్టరు తిరగరాశాక చిన్నదాని కేసు మళ్ళీ ఇద్దరి దగ్గరికి వెళ్ళింది. ఒకరు మరో మనిషి తోస్తే పడినట్టు అంకె వేశారు. ఇంకొకరు తనంతట తాను జారినట్టు వేశారు. కలవలేదు. కలవనివన్నీ బృందం ముందుకు వస్తాయి. అక్కడ గంటసేపు వాదించుకున్నారట. తొయ్యలేదు కదా, ముట్టుకోనేలేదు కదా అని కొందరు. పట్టుకున్న మనిషి వదలడం కూడా మనిషి చేసిందే కదా అని కొందరు. పేర్లు లేవు కాబట్టి ఎవరి ఇల్లో వాళ్ళకు తెలియదు. కోడలు బల్లకు ఒక పక్కన తల దించుకుని కూర్చుందట.

చివరికి ఒప్పుకున్నారు. మన దేశం పుస్తకంలో, పడటం అన్న అంకె కింద ఉదాహరణగా ఒక వాక్యం చేరుతోంది. కోడలు చదివి వినిపించింది.

“ఇద్దరు కలిసి బరువు పంచుకుని చేసే పనిలో ఒకరు చెప్పకుండా పట్టు వదలడం వల్ల రెండోవారు పడటం.”

ఇంకో మార్పు కూడా చేశారు. పట్టికలో ‘ఒళ్ళు తూలడం’ ఎదురుగా ఒక హెచ్చరిక పెట్టారు. రోగి స్వయంగా చెప్పిన మాట కాకపోతే అంకె వెయ్యకుండా డాక్టర్ని తిరిగి అడగాలని.

నా మాట ఒక్కటైనా ఆ పుస్తకంలోకి ఎక్కలేదని ఏడ్చాను. చిన్నదాని మాట ఎక్కింది. నా చెయ్యి ఎక్కింది.

ఏప్రిల్ 1

చిన్నది ఇల్లు చేరింది. మెట్లు తానే ఎక్కుతానంది. ప్రతి మలుపులో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. దాని వెనక ఒక మెట్టు కింద నేను నడుస్తున్నాను, పడితే పట్టుకుందామని.

“నువ్వు నా వెనకెందుకక్కా? ముందుకు రా. కనబడేలా నడు” అంది. అందరి ముందూ అంది. ఈసారి హాస్యానికి అనలేదు.

ముందుకు వచ్చి నడిచాను.

ఏప్రిల్ 4

మిషను బాగుచేసేవాడు వచ్చాడు. చిన్న బెల్టు మార్చాడు. అంతేనా అన్నాను. అంతే పెద్దమ్మా, ఇంతదానికి నెల ఆగారా అన్నాడు.

ఏప్రిల్ 9

చిన్నది గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. ముందు బకెట్టు, బకెట్టులో తన తువాలు. మిషనులో వెయ్యొచ్చు కదా అంటే, మిషను పిండితే నాకు పిండినట్టుండదు, పట్టు ఈ కొస అంది.

పట్టుకోవాలంటే చేతులు రాలేదు. మళ్ళీ పట్టు అంది. పట్టుకున్నాను.

నన్ను ఇటు జరుగు, ఇంకొంచెం ఇటు అని సర్దింది. ఆసుపత్రిలో పడుకున్నా చేతుల్లో బలం పోలేదు. అది అటు నేనిటు మెలిపెట్టాం. వెనక్కి వాలాను. నీళ్ళు సన్నటి ధారగా బకెట్టులోకి దిగాయి. ఇంకా దిగుతూనే ఉన్నాయి. చిన్నది నా భుజం మీదుగా వెనక్కి చూసింది. చూసి, వదిలేసింది. చాలు అనలేదు.

నేను వెళ్ళి దాని మంచం మీద వెల్లకిలా పడ్డాను. పరుపు మీద కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. ఒక చెప్పు ఎగిరి కిటికీకి తగిలింది. చిన్నది నవ్వింది. పొట్ట పట్టుకుని, తుంటి నొప్పెడుతున్నా ఆపుకోలేక నవ్వింది. ఆ చప్పుడుకు కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందత్తయ్యా?”

ఇరవై రోజుల తర్వాత ఆ మాట.

“ఏం లేదు. మీ అత్తకు ఒళ్ళు తూలింది” అంది చిన్నది.

కోడలు నా మొహం చూసింది, గాల్లో నా కాళ్ళు చూసింది, గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. అలా పడుకునే నవ్వాను. బదులు తీరిపోయిందని వాళ్ళిద్దరూ అనుకున్నారు. నేను కూడా కాసేపు అలాగే అనుకున్నాను.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ముందు గదిలో ఉన్నారు. నేను వెనక వసారాకి వచ్చి ఇది చెబుతున్నాను. గట్టు నా ఎదురుగానే ఉంది.

పనిలో చేరిన మొదటి రోజు నేర్పేది ‘చాలు’ అనడం ఒక్కటే కాదు. ఇంకొకటి కూడా ఉంది. ఇక్కడ మొదట చెప్పినప్పుడు అది చెప్పలేదు. కొస వదిలే ముందు, అవతలి మనిషి వెనక ఏముందో చూడాలి. చాకిరేవులో వెనక మరుగుతున్న గంగాళాలుంటాయి, అందుకు. ఏళ్ళ తరబడి చేశాక అది మనం చూడడం కూడా కాదు, కళ్ళు వాటంతట అవే వెళతాయి. చిన్నది ఇవాళ చూసింది. మంచం ఉందని చూసి వదిలింది.

ఆ రోజు నా కళ్ళు కూడా వెళ్ళాయి. గట్టు కనబడింది.

చిన్నదానికి తెలుసు. వార్డులో అంతసేపు నా వైపు చూసినప్పుడే తెలుసు. మూడు గడుల్లో నాది ఏదో దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ మాటలు ఫోనులోకి ఎలా ఎక్కించాలో కోడలు నేర్పింది. ఎలా చెరపాలో నేర్పలేదు. అడగను.